ఊగిన కుర్చీ

పోలీస్ స్టేషన్‌కి పన్నెండు మెట్లున్నాయి. డిటెక్టివ్ ఏడో మెట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. ఆమె చేతికర్రను చంకలో ఇరికించుకుని, గోడకు ఆనుకుని, ఫోన్ తీసింది.

అవతలి గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. ఆమె కుడి మోకాలి కీలు మార్చి తొమ్మిది నెలలు నిండాయట. ఎలా నడుస్తున్నారో, మెట్లు ఎలా ఎక్కుతున్నారో ఒక ఫారం నింపాలట, ఇంటికే వచ్చి రాసుకుంటాడట. మూడో నెలలోనూ ఆరో నెలలోనూ ఆమె అలాంటి ఫారం ఆస్పత్రిలో నింపింది కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు. నొప్పి ఉందా అని అడిగాడు. నొప్పి లేదుగానీ మెట్లు దిగుతుంటే లోపల టక్కుమంటోందనీ, వచ్చే వారం ఎక్స్‌రేకి వెళుతున్నాననీ చెప్పింది. కాగితం మీద పెన్ను గీసుకున్న చప్పుడు వినిపించింది.

“సాయంత్రం నాలుగింటికి రానా మేడమ్?”

“రండి. నేను ఆలస్యమైతే మా అక్క ఉంటుంది.”

“కంగారు లేదు. మెల్లగా రండి. మోకాలు జాగ్రత్త.”

మంచివాడిలా ఉన్నాడనుకుంటూ మిగిలిన అయిదు మెట్లూ ఎక్కింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. ఆ పద్ధతి ఆమెకు నేర్పిన అమ్మాయే ఇప్పుడు పై గదిలో బల్ల వెనక కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం నుంచీ అక్కడే ఉంది.

ఆ అమ్మాయి ఫిజియో. ఎముకల ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించడం, మళ్ళీ నడక నేర్పడం ఆమె పని. నిన్న, మంగళవారం, ఆమె చూసే ఒక పెద్ద వడ్రంగి తన గదిలోనే పడిపోయాడు. ఆరు వారాల కిందట నిచ్చెన మీంచి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, డాక్టర్లు విరిగిన ముక్క తీసేసి, తుంటిలో గిన్నెలా ఉండే గుంటలో లోహపు బంతి పెట్టారు. నిన్న ఆ బంతి గిన్నెలోంచి బయటికొచ్చేసింది. పడ్డప్పుడు తల మంచం కోడుకు తగిలింది. తెలివి వస్తూ పోతూ ఉంది. ఫిజియో వెళ్ళిపోయిన పాతిక నిమిషాలకే కనబడ్డాడు కాబట్టి, ఆమే కాలు మోటుగా వంచి కీలు జారగొట్టి, భయపడి చెప్పకుండా పారిపోయిందని ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. మూడింటికి కోర్టుకు తీసుకెళతారు. ఒకసారి ఆ గుమ్మం తొక్కితే, తర్వాత నిర్దోషి అని తేలినా, ఏ ఇంటివాళ్ళూ తమ ముసలివాళ్ళను ఆ చేతులకు అప్పగించరు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

టైము పదీ నలభై. ఇన్‌స్పెక్టర్ ఇరవై నిమిషాలిచ్చాడు.

“ఏడ్చావా?” అంది డిటెక్టివ్ కూర్చుంటూ.

“రాత్రి కాసేపు. మీరు కాలు చాపుకోండి మేడమ్. ఆ కుర్చీ తక్కువ ఎత్తు.”

“నా కాలి సంగతి తర్వాత. నిన్నటిది చెప్పు. తొందర లేకుండా, నిమిషం నిమిషం.”

ఆ అమ్మాయి చెప్పింది. తొమ్మిదిన్నరకు సందువైపు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. పెద్దాయన లేచి గడియ తీయలేడు కాబట్టి ఆ తలుపు పగలంతా దగ్గరికి వేసే ఉంటుంది. ముందు తుంటి ఎంత వంగుతోందో కొలిచింది. వాకర్ పట్టించి కుర్చీ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కుర్చీ దాకా రెండుసార్లు నడిపించింది. కుర్చీలో పదిసార్లు కూర్చోబెట్టి లేపింది. తొమ్మిదీ యాభై అయిదుకు మంచం మీద పడుకోబెట్టి తుంటి మీద ఐస్ ప్యాక్ పెట్టింది. పదీ అయిదుకు తన సంచి సర్దుకుంది. ఇంకో పది నిమిషాలు ప్యాక్ ఉంచుకోమని చెప్పి బయటికొచ్చింది. పదీ ఇరవైకి ఊరి అవతలి చివర ఇంకో పేషెంటు ఇంట్లో ఉంది.

“అంటే నువ్వు వచ్చేటప్పటికి ఆయన పడుకుని ఉన్నాడు.”

“పడుకుని, నాకు టాటా చెబుతున్నాడు. ‘రేపు ఎక్స్‌రేలో నా బంతి ఫోటో చూపిస్తావుగా’ అన్నాడు.”

“ఎక్స్‌రే ఎందుకు?”

పది రోజులుగా తుంటిలో టక్కుమని చప్పుడొస్తోందని పెద్దాయన అంటున్నాడట. ఇంట్లోవాళ్ళు పట్టించుకోలేదు. ఆపరేషన్ అయిన మొదటి వారం ఆయనకు మతి చెదిరింది. తమ్ముణ్ణి నాన్నా అని పిలిచాడు, ఆస్పత్రి కప్పు మీద పిచ్చుకలున్నాయన్నాడు. వయసు మీరినవాళ్ళకు మత్తుమందు తర్వాత అలా కావడం ఉంది, మళ్ళీ కుదురుకుంటుంది కూడా. ఆయనా కుదురుకున్నాడు. కానీ ఆయన మాట మీద ఇంట్లో నమ్మకం మాత్రం కుదురుకోలేదు. ఈ అమ్మాయి మాత్రం చెయ్యి పెట్టి చూసింది, చప్పుడు నిజమే. సోమవారం ఆస్పత్రి ఫాలో-అప్ రిజిస్టరులో రాసింది. బుధవారానికి ఎక్స్‌రే రాయించింది.

డిటెక్టివ్ తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

“ఐస్ ప్యాక్ తీశాక ఎక్కడ పెడతారు?”

“మంచం పక్క టేబుల్ మీద స్టీలు పళ్ళెంలో. మొదటి రోజు నేను టేబుల్ మీదే పెట్టేశాను మేడమ్. ఇంత గొడవ చేశాడు. పాలిష్ మీద తడి పెడతావా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని. ఆ పళ్ళెం ఆయనే తెప్పించాడు.”

“సరే. మళ్ళీ వస్తాను. ఏమైనా తిను.”

లేవబోతుంటే ఆ అమ్మాయి అలవాటుగా చెయ్యి చాపబోయి, మధ్యలో బల్ల ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. డిటెక్టివ్ తనే లేచింది.

* * *

పెద్ద వడ్రంగి ఇంటి ముందు భాగమంతా పనిశాల. వెనక పొడవాటి గది ఆయనది. పదకొండుంపావుకు డిటెక్టివ్ వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ ఆ గదిలోనే, పెద్దాయన కుర్చీలో కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట అతను ఆమె కింద సబ్ ఇన్‌స్పెక్టర్. ఒక దొంగ వెనక గోడ దూకి ఆమె మోకాలి ఎముక పగిలింది. ప్లేటు వేశారు, బోల్టులు బిగించారు, కానీ కీలు అరిగిపోతూ వచ్చి చివరికి మార్చాల్సి వచ్చింది. ఈలోపు ఆమె ఉద్యోగం వదిలింది, అతను ఆమె సీటులో కూర్చున్నాడు.

“రండి మేడమ్. మీకు కుర్చీ ఇద్దామంటే ఇదొక్కటే ఉంది. మోకాలు ఎలా ఉంది?”

“నీ దర్యాప్తు కంటే నయం. అడుగులు వేస్తోంది.”

అతను నవ్వాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. కుర్చీ టకటకమంది. ముందుకు వంగాడు. మళ్ళీ టక్కుమంది.

తన లెక్క అతను మళ్ళీ ఒకసారి వినిపించాడు. ఎదుటింటి ఇస్త్రీ ఆవిడ పదీ అయిదుకు ఫిజియో స్కూటర్ కదలడం చూసింది. తర్వాత ఆవిడ లోపలికెళ్ళింది, ఎవరినీ చూడలేదు. ముందు పనిశాలలో తమ్ముడు రంపం మిషను నడుపుతున్నాడు. తలుపు చెక్క కోయించుకోవడానికి వచ్చిన ఒక మనిషి తొమ్మిదీ నలభై అయిదు నుంచి అతని పక్కనే ఉన్నాడు. ఆ మోతలో ఏమీ వినపడదు. పదిన్నరకు మిషను ఆపి, అన్నను చూద్దామని తమ్ముడు వెళితే పెద్దాయన కింద పడి ఉన్నాడు.

“తుంటి మార్చిన మనిషి తక్కువ ఎత్తులో కూర్చుంటే బంతి జారుతుందని డాక్టరు చెప్పాడు. అది కూడా చూశాం మేడమ్, మమ్మల్ని మరీ తీసిపారేయకండి. కుర్చీ కింద నాలుగు దిమ్మలున్నాయి. కావలసిన ఎత్తు ఉంది. కుర్చీ తప్పు లేదు, ఇంట్లోవాళ్ళ తప్పు లేదు. ఇక మిగిలింది ఎవరు?”

డిటెక్టివ్ గది చూస్తోంది. గోడవారన మంచం. దాని పక్కన చిన్న టేకు టేబుల్, అద్దంలా మెరిసే పాలిష్. టేబుల్ మీద స్టీలు పళ్ళెం, ఖాళీగా, పొడిగా ఉంది. పళ్ళేనికి జానెడు దూరంలో పాలిష్ మీద తెల్లగా పొంగిన మచ్చ, అరచేయంత, చుట్టూ తడి ఆరిన గీత.

“ఐస్ ప్యాక్ ఎక్కడ దొరికింది?”

“అదిగో, ఆ మచ్చ మీదే. అయితే?”

“ఈ ఇంట్లో తడి వస్తువు టేబుల్ మీద ఎవరూ పెట్టరు. ఆయన పెట్టడు, తమ్ముడు పెట్టడు, ఒకసారి తిట్లు తిన్న అమ్మాయి అసలే పెట్టదు. పక్కన పళ్ళెం ఎందుకుందో తెలియని మనిషి ఎవరో ఆ ప్యాక్ తీసి, ఆయన్ని మంచం మీంచి లేపారు.”

“ఒక మచ్చతో నన్ను కోర్టుకెళ్ళొద్దంటారా?”

“నువ్వు ఇందాకట్నుంచీ ఊగుతున్నావు. నీకు తెలుస్తోందా?”

అతను కిందికి చూసుకున్నాడు. నిన్న పంచనామా రాసినప్పుడు కూడా ఊగిందనీ, పాత ఇల్లు, నేల వంకరగా ఉందనీ చిరాగ్గా అన్నాడు.

అప్పుడే తమ్ముడు లోపలికొచ్చాడు. అరవై దాటినవాడు. రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద ఉండి, తాళాలివ్వడానికి వచ్చాడు. నిన్న అన్నను ఎత్తుకుని వెళ్ళాక మళ్ళీ ఈ గదిలో అడుగు పెట్టలేదు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ కదిలినప్పుడల్లా వస్తున్న ఆ టకటక వింటూ నిలబడ్డాడు.

“లేవండి సార్ ఒకసారి,” అన్నాడు మెల్లగా. “మా అన్న కుర్చీ ఊగడమేంటి?”

ఇన్‌స్పెక్టర్ లేచాడు. ఆ ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో కాలూ ఎత్తి దిమ్మలు చూశాడు. చూసినకొద్దీ అతని మెడ ఎర్రబడింది. నేల గోడవైపు వాలి ఉందనీ, అందుకే అన్న ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు మంచం మీద కూర్చునే కొలతలు చెప్పి నాలుగు దిమ్మలూ నాలుగు ఎత్తుల్లో చేయించాడనీ చెప్పాడు. కుర్చీ కాళ్ళకు లోపలివైపు ఉలితో గాట్లు పెట్టించాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. దిమ్మలకూ అవే గాట్లు. రెండో కాలు రెండో దిమ్మలో కూర్చోవాలి. ఇప్పుడు రెండో కాలు కింద మూడోది ఉంది. మూడో దాని కింద రెండోది.

“నీళ్ళ గ్లాసు పెట్టి చూశాడమ్మా అన్న. కుర్చీ మీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు. తొణక్కూడదన్నాడు.”

ఇన్‌స్పెక్టర్ వెంటనే అతనివైపు తిరిగాడు. దిమ్మల సంగతి ఇంత బాగా తెలిసినవాడివి నువ్వే కదా, మరి నువ్వే తీసి పెట్టి ఉండొచ్చుగా అన్నాడు. ముసలాయన చేతిలోని దిమ్మను నేల మీద పెట్టేశాడు.

“ఒక పక్క నీ సాక్షే ఇతను మిషను దగ్గర ఉన్నాడంటున్నాడు,” అంది డిటెక్టివ్. “అది వదిలెయ్. నలభై ఏళ్ళుగా చెక్కకు చెక్క జత చేసిన చెయ్యి, ఎంత తొందరలో ఉన్నా, గాటు చూడకుండా పెడుతుందా? నీకు గాట్లున్నాయనే తెలియదు. ఆ దిమ్మలు పెట్టినవాడికీ తెలియదు. నాలుగూ ఒకటే అనుకున్నాడు. అతను వడ్రంగి కాదు.”

ఆమె తనకు వంగడం కష్టమని, మంచం కింద చూడమని ఇన్‌స్పెక్టర్‌ను అడిగింది. పక్కనే పనిశాల కావడంతో ఆ ఇంట్లో ఎంత ఊడ్చినా సన్నటి రంపపు పొడి ఎక్కడో ఒకచోట పేరుకుంటూనే ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చాలాసేపు చూశాడు. మంచం కింద పొడి పల్చని దుప్పటిలా ఉంది. దాని మీద నాలుగు చారలు. కుర్చీ వైపు నుంచి ఎవరో కాలితో నాలుగు వస్తువుల్ని లోపలికి తోసి, మళ్ళీ బయటికి లాక్కున్న చారలు.

అతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. దులపడం కాస్త ఎక్కువసేపే దులిపాడు.

“అయితే మనిషిని లేపి, కుర్చీ కింద దిమ్మలు తీసేసి, కూర్చోబెట్టాడు. పెద్దాయన చూస్తూ ఎలా ఊరుకుంటాడు?”

“చూడడు. నాకు నేర్పారు, అందుకే తెలుసు. కుర్చీ దగ్గరికొచ్చి వెనక్కి తిరగాలి. పిక్కలకు కుర్చీ అంచు తగిలేదాకా వెనక్కి జరగాలి. చూపు ముందుకే ఉంచి, చేతులు వెనక్కి పెట్టి కూర్చోవాలి. రోజూ పదిసార్లు అలా కూర్చున్న శరీరానికి ఎత్తు ఎక్కడుందో కంఠతా వచ్చేస్తుంది. ఆ ఎత్తులో కుర్చీ లేకపోతే ఒక్కసారిగా కూలబడతాడు. తుంటి పూర్తిగా ముడుచుకుంటుంది.”

“కానీ దిమ్మలు తీయడానికి టైము కావాలి.”

“అవును. ఆయన వీపు ఇటు తిప్పి అటు నడుస్తూ ఉండాలి.”

ఆమె కర్ర చివరతో నేల మీద చూపించింది. గది మధ్యలో వేలెడు పొడవు తెల్ల టేపు, నేలకు అంటించి ఉంది. పొడి పట్టలేదు, అంచులు లేవలేదు, కొత్తది. నిన్న తన మనుషులెవరో గుర్తు పెట్టి ఉంటారనుకున్నానని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. డిటెక్టివ్ తమ్ముణ్ణి టేపు అడిగింది. అతను జేబులోంచి కొలత టేపు తీసి, కుర్చీ ముందు కాలు నుంచి ఆ తెల్ల గుర్తు దాకా పరిచాడు.

“మూడు మీటర్లమ్మా. వెంట్రుక తేడా లేదు.”

ఆమె స్టేషన్‌కి ఫోన్ చేయించి ఫిజియో అమ్మాయిని లైన్‌లోకి పిలిపించింది. నేల మీద టేపు నువ్వు అంటించావా అని అడిగింది.

“నాకు టేపు దేనికి మేడమ్, ఎదురుగా తలుపుందిగా. అది ఫారం ఆయన పద్ధతి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మీకూ ఆస్పత్రిలో చేశారు, గుర్తుందా?”

“ఫారం ఆయన ఎవరు?”

“లోహపు కీళ్ళు అమ్మే కంపెనీ మనిషి. ఆపరేషన్ రోజు బంతులూ కీళ్ళూ ఉన్న పెట్టెలు థియేటర్‌కి తెచ్చేదీ ఆయనే. తర్వాత పేషెంట్లు ఎలా ఉన్నారో ఫారాలు నింపేదీ ఆయనే. ఫాలో-అప్ రిజిస్టరు రోజూ ఆయన చూసుకుంటారు. చాలా మర్యాదస్థుడు మేడమ్.”

డిటెక్టివ్ ఫోన్ పెట్టేసింది. పొద్దున మెట్ల మీద విన్న గొంతు గుర్తొచ్చింది. పెన్ను గీసుకున్న చప్పుడు కూడా గుర్తొచ్చింది.

“నాలుగింటికి మా ఇంటికే వస్తున్నాడు,” అంది ఇన్‌స్పెక్టర్‌తో. “వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు. మూడున్నరకు ఇద్దరు మనుషుల్ని, యూనిఫారం లేకుండా, మా వీధిలో పెట్టు.”

“మీ అక్కగారికి చెబుతారా?”

ఆమె ఆలోచించింది. అక్కకు ఏదీ దాచుకోవడం రాదు. చెబితే తలుపు తీయగానే ఆ మొహం చూసి అతను పసిగట్టేస్తాడు. మూడింటికల్లా తనే ఇంట్లో ఉంటే సరిపోతుంది కదా అనుకుంది. చెప్పలేదు.

టైము పదకొండూ యాభై. పన్నెండింటికి పెద్దాయనకు మళ్ళీ ఆపరేషన్. నిన్న కాలు లాగి బంతిని రెండుసార్లు గిన్నెలో కూర్చోబెట్టారు, రెండుసార్లూ జారిపోయింది. అందుకే తెరుస్తున్నారు. తీసిన పాత బంతి సంగతేమవుతుందని ఆమె తమ్ముణ్ణి అడిగితే అతనికి తెలియదు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. తీసిన ముక్క మామూలుగా కంపెనీ మనిషికి ఇచ్చేస్తామని, పరీక్ష కోసం అతను తీసుకెళతాడని డాక్టరు చెప్పాడు.

“ఈసారి ఇవ్వకండి డాక్టరుగారూ. ఎవరొచ్చి అడిగినా సరే. నేను వచ్చేదాకా మీ కళ్ళ ముందే ఉంచుకోండి.”

* * *

ఒంటిగంటా నలభైకి డాక్టరు థియేటర్ నుంచి బయటికొచ్చాడు. మాస్కు మెడకు వేలాడుతోంది. కొత్త బంతి వేశామని, ఈసారి గట్టిగా కూర్చుందని తమ్ముడితో చెప్పాడు. మూడు నెలల్లో కర్ర సాయంతో నడుస్తాడట, తర్వాత కర్ర కూడా అక్కర్లేకపోవచ్చట. ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

తర్వాత డాక్టరు డిటెక్టివ్‌నూ ఇన్‌స్పెక్టర్‌నూ తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. బల్ల మీద స్టీలు గిన్నె పెట్టాడు. అందులో లోహపు బంతి ఉంది, నిమ్మకాయ కంటే కొంచెం పెద్దది.

ఆరు వారాల కిందటి కేసు షీటు తెరిచి చూపించాడు. ఆపరేషన్‌లో వాడిన ప్రతి పెట్టె మీది లేబులూ పేషెంటు షీటుకు అంటిస్తారు. అక్కడ అంటించిన లేబుల్ మీద నలభై ఎనిమిది మిల్లీమీటర్లని ఉంది. పెద్దాయన గిన్నె కొలిచి తను అడిగింది కూడా అదే అన్నాడు. ఇప్పుడు తీసిన బంతిని రెండుసార్లు కొలిచాడు.

“నలభై ఆరు. రెండు మిల్లీమీటర్లు తక్కువ. కంటికి తెలియదు మేడమ్. కానీ గిన్నెలో వదులుగా ఉంటుంది. నడిచినప్పుడు టక్కుమంటుంది. ఎక్కువ వంగితే జారిపోతుంది.”

“బంతి మీద నంబరుండదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డాక్టరు బంతిని తిప్పాడు. అడుగున నంబరుండాల్సిన చోట అరగదీసి మళ్ళీ నునుపు చేసిన గుర్తు ఉంది. లోహం మీద వెలుతురు అక్కడొక్కచోటే వేరేగా పడుతోంది. ఎక్కడో పక్కన పడేసిన సరుకు, నంబరు చెరిపి, వేరే లేబుల్ పెట్టెలో పెట్టి తెచ్చారని, ఆరు వారాల కిందట ఆ నునుపు చూసి తనూ థియేటర్ నర్సూ ఇద్దరం మోసపోయామని డాక్టరు నేల చూస్తూ చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం చూశాడు. మనిషిని చంపడానికి కాదా అయితే అని, తనలో తను అనుకుంటున్నట్టు అడిగాడు.

“కాదు. తల తగలడం అతను అనుకోనిది,” అంది డిటెక్టివ్. “బుధవారం ఎక్స్‌రే తీస్తే బంతి చిన్నదని బయటపడుతుంది. మంగళవారమే కీలు జారితే ఎక్స్‌రే కాదు, ఆపరేషన్ అవుతుంది. కొత్త బంతి అతనే తెస్తాడు, పాతది అతనే తీసుకెళ్ళిపోతాడు. జారడానికి కారణం ఫిజియో. పెద్దాయన కుర్చీ తక్కువ ఎత్తుగా ఉందని చెప్పినా, పిచ్చుకల్ని చూసిన మనిషి మాట ఎవరు వింటారు?”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. ఆ అమ్మాయిని కోర్టుకు తీసుకెళ్ళొద్దన్నాడు. కాస్త ఆగి, మంచి టీ ఇప్పించమని కూడా చెప్పాడు. డిటెక్టివ్ వైపు మాత్రం చూడలేదు.

“పాత బంతి కోసం ఆ కంపెనీ మనిషి ఫోన్ చేశాడు,” అన్నాడు డాక్టరు. “ఒంటిగంటకు. థియేటర్‌లోంచే నర్సు మాట్లాడింది. డాక్టరుగారు తన దగ్గరే ఉంచుకుంటారట అని చెప్పేసింది. పొద్దున పెట్టెలు వేరేవాళ్ళతో పంపాడు, తను రాలేదు. ఏవో ఫారాలున్నాయన్నాడట.” అతను గొంతు తగ్గించాడు. “మేడమ్, మీ మోకాలి కీలు కూడా అతని పెట్టెలోంచే వచ్చింది.”

ఒంటిగంట. బంతి చేజారిందని అతనికి ఒంటిగంటకే తెలుసు. నాలుగింటిదాకా ఆగాల్సిన పని అతనికి లేదు.

డిటెక్టివ్ ఇంటికి ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక అక్క తీసింది. నవ్వుతూ ఉంది.

“ఎక్కడున్నావే? ఫారం ఆయన ఎప్పుడో వచ్చాడు. పాపం, ఎండలో పడి వచ్చాడు.”

“ఏం చేస్తున్నాడక్కా?”

“నీ పాత ఎక్స్‌రేలన్నీ కావాలంటే కవరు ఇచ్చాను. సంచిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు హాల్లో నేల మీద ఏదో తెల్ల టేపు అంటిస్తున్నాడు. నువ్వు రాలేదుగా, ఈలోపు గడియారం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, మీరొకసారి నడిచి చూపిస్తారా అంటున్నాడు. నాకూ సరదాగానే ఉంది.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు తీసుకుని వరండాలోకి పరిగెత్తాడు. జీపు తీయమని కేకేస్తున్నాడు.

“అక్కా, విను. నవ్వుతూనే విను,” అంది డిటెక్టివ్ మామూలు గొంతుతో. “నడవకు. ఆయన కూర్చోమంటే ఏ కుర్చీలోనూ కూర్చోకు. పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్ళి, పెరటి తలుపు తీసుకుని పక్కింటికి వెళ్ళిపో.”

“పాలు పొంగడమేంటే?” అంది అక్క పైకే. ఫోన్ చేతులు మారిన చప్పుడయింది. తర్వాత ఆ మెత్తటి గొంతు వినిపించింది.

“పాలు పొయ్యి మీద లేవు మేడమ్. ఇందాకే నేనే దించాను. కంగారు లేదు, మీరు మెల్లగా రండి. వచ్చేటప్పుడు డాక్టరుగారి బల్ల మీదున్నది తీసుకురండి.”

ఆమె గిన్నెలోని బంతి వైపు చూసింది.

“మెట్లు దిగేటప్పుడు మోకాలు జాగ్రత్త,” అన్నాడతను.